అరవై ఒక్క శాతం ఆర్కిడ్

ఆదివారం పొద్దున అనురాధ వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి బొబ్బిలి నుంచి అత్తగారు వస్తారు. గుమ్మంలోనే అడవి పువ్వు చూపించాలి. ఆవిడ మనసు కరగాలి. కరగకపోతే కుదరదు, ఎందుకంటే అత్తగారు నూకరత్నం ఫోన్‌లో ముందే చెప్పేసింది: "ఆ కొండల్లో కాపురం ఎలాగుందో సూత్తాను. నచ్చలేదా, బదిలీ కాగితం నానే రాయించి తెత్తన్నాను, ఆడు సంతకం పెట్టాలంతే."

హుకుంపేటలో టీచరైన కామేష్‌కీ, పెళ్లై ఆరు నెలలైన అనురాధకీ కొండ దిగాలని లేదు. పొద్దున్నే పొగమంచులో ఒకే గ్లాసులో కాఫీ తాగే దంపతులు బొబ్బిలిలో ఏం చేస్తారు?

పువ్వు సంగతికొస్తే, వేసవి మొదట్లో కాఫీ తోటలో ఎండిన కాడ కింద ఆమెకు ఓ దుంప దొరికింది. ఫొటో తీసి చూపిస్తే ఫోన్‌లోని మొక్కల యాప్ "నేల ఆర్కిడ్, అరవై ఒక్క శాతం" అంది. మిగతా ముప్పై తొమ్మిదీ అనురాధ సంతోషంతో నింపేసింది. కుళ్లిన ఆకులూ కాఫీ తొక్కా కలిపిన మట్టిలో పాతి, కుండీని పనసచెట్టు నీడన పెట్టింది. తొలకరికి మొగ్గ లేచింది. ఇంటి యజమానురాలు కనక అది చూసి పకపకా నవ్వింది.

"అదా! అది..."

"చెప్పకు అక్కా! పూశాక నేనే కనిపెడతాను."

కనక వద్దన్నది చెప్పే మనిషి కాదు. నవ్వుకుంటూ సంతకు పోయింది.

శనివారం వాన పడితే కుండీని పడకగదిలోకి తెచ్చారు. తెల్లారేసరికి పువ్వు విచ్చుకుంది. ముదురు వంకాయ రంగు, కుచ్చుల అంచు, మధ్యలో తలకాయంత ముద్ద. అనురాధ ముద్దు పెట్టుకోబోయి, పుప్పొడి రాలుతుందని ఆగింది.

"రాధా, ఎక్కడో ఎలక చచ్చింది" అన్నాడు కామేష్ ముక్కు మూసుకుని.

"అయ్యో, పువ్వుకి ఈ కంపు పట్టేస్తుంది!" అని ఆమె కుండీని ముందు గదిలోకి మార్చింది. కామేష్ పరుపు వాకిట్లో పడేసి మంచం కింద వెతికాడు. ఎలక లేదు. పది నిమిషాల్లో ముందు గది కంపు కొట్టింది.

"రెండో ఎలక" అన్నాడు కామేష్.

కుండీ వంటింట్లోకి పోయింది. కాసేపటికి వంటిల్లూ అంతే.

"ఇది కుటుంబంతో సహా పోయినట్టుంది."

కనక ఇచ్చిన ఎండుచేపల మీద అనుమానపడి వాటిని కుక్కకేశారు. తర్వాత కామేష్ నిచ్చెన వేసుకుని ఇంటి పెంకులు తీయడం మొదలెట్టాడు. పువ్వు మీద ఈగలు మూగితే అనురాధ మురిసిపోయింది. ప్రకృతి ఎంత చురుగ్గా పనిచేస్తోంది!

సరిగ్గా అప్పుడే నూకరత్నం జీపు దిగింది. వాకిట్లో పరుపు. పైన కొడుకు.

"ఏటి సేత్తన్నావురా ఇంటిమీద?"

"చచ్చిన ఎలకని వెతుకుతున్నానమ్మా."

"పెంకుల్లోనా?"

కుండీ ఎత్తుకుని అనురాధ ఎదురొచ్చింది. కంపు కూడా ఎదురొచ్చింది. నూకరత్నం కొంగు ముక్కుకడ్డం పెట్టుకుంది. అప్పుడే పెరట్లోంచి వచ్చిన కనక ఒక్క చూపు చూసి, "అడవి కంద పూసినాదేటి! ఈది సివర్దాకా కంపు కొడతంది" అంది.

కామేష్ నిచ్చెన మీదే ఆగిపోయాడు. అనురాధ కళ్లలో నీళ్లు తిరిగాయి. నూకరత్నం సంచిలోంచి బదిలీ కాగితం తీసింది.

"నువ్వే పెంచినావా దీన్ని?"

"అవునత్తయ్యా."

"నీడలోనే బతుకుద్దా?"

"నీడలోనే. ఆకుల ఎరువు చాలు, నీళ్లు మాత్రం నిలవకూడదు."

"ఒక్కపాలి పూసి సచ్చిపోద్దా?"

"లేదత్తయ్యా, దుంప భూమిలోనే ఉంటుంది. మళ్లీ మళ్లీ పూస్తుంది."

నూకరత్నం కుండీని ఎగాదిగా చూసింది. "మా తోటికోడలి కిటికీ కింద రోజల్లా నీడే. ఆవిడకి పూలంటే పేణం."

కనక తన పెరట్లోంచి పిల్లదుంపలు రెండు తవ్వి తెచ్చింది. అవి అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయట.

"బేగి పెంకులు సర్దు, వానొత్తాది" అని కొడుకుని కసిరి, నూకరత్నం దుంపలకంటిన మట్టి దులిపింది. వాటిని చుట్టడానికి బదిలీ కాగితం సరిగ్గా సరిపోయింది.