రాజరాజేశ్వరి గారి వర్ధంతి

ఆ ఉదయం గొడవ చపాతీ పీట దగ్గర మొదలైంది. ఒళ్లో పెట్టుకుంటే లాప్‌టాప్ వేడికి తొడలు చురుక్కుమంటున్నాయని చలపతిరావు వంటింట్లోంచి పీట తెచ్చుకుని, సోఫాలో కూర్చుని దాని మీద లాప్‌టాప్ పెట్టుకున్నాడు. పిండి తడిపి ఉంచిన ఆయన భార్య రాజరాజేశ్వరి అప్పడాల కర్రతో వచ్చి ఎదురుగా నిలబడింది.

“పీట ఇలా ఇవ్వండి.”

“ఉండు, వంశం ఎక్కుతోంది.”

“వంశం బల్ల మీద ఎక్కదా?”

“బల్ల దగ్గర ఫ్యాను గాలి రాదు.”

కరెంటు ఆఫీసులో రిటైరైన దగ్గర్నుంచీ చలపతిరావు వంశవృక్షం పనిలో ఉన్నాడు. మొదట కొన్న ప్రోగ్రాంకి తెలుగు ఒత్తులు పడేవి కావు. పైగా మేనరికమంటే దానికి గిట్టదు. ఆయన అక్కను మేనమామకే ఇచ్చారు. అది అక్క పేరు కనబడినప్పుడల్లా ఎర్రబడి, ‘ఈయన ఈమెకు మామా, భర్తా? ఒకటి ఎంచుకోండి’ అని నిలదీసేది. రెండూ అని చెప్పుకునే వీలు అందులో లేదు. విసిగిపోయి ఇవాళ కొత్త ప్రోగ్రాంలోకి మారుతున్నాడు. ఇది ఒత్తులు రాస్తుంది, మేనరికాన్ని మర్యాదగా ఒప్పుకుంటుంది, పుట్టినరోజులకీ వర్ధంతులకీ బంధువులకు తనే కబుర్లు పంపుతుంది.

“పోనీ, పీట ఉంచుకోండి,” అంది రాజరాజేశ్వరి. “కొత్తదాంట్లోనైనా నా పేరు రాయండి.”

“ఉందిగా, చిన్నమ్మాయి అని.”

“అది పేరు కాదండీ. పిలుపు.”

ఆమె అత్తగారి పేరు కూడా రాజరాజేశ్వరే. కాపురానికొచ్చిన రోజునే ఆ చిక్కు వచ్చింది. పెద్దావిడ పేరు పెట్టి కోడల్ని కేకేస్తే ఎలా? అందుకని చిన్నమ్మాయి అన్నారు. అత్తగారు పోయి చాలా ఏళ్లయింది గాని ఆ పిలుపు పోలేదు. భర్తకు ఆమె ‘ఇదిగో’. ఈ తెల్లాపూర్ అపార్ట్‌మెంటుకు మారాక గేటు దగ్గరి కుర్రాళ్లకు ఫ్లాట్ నంబరు. కొడుకు జశ్వంత్, కోడలు ప్రవీణ పొద్దున్నే గచ్చిబౌలి ఆఫీసులకు వెళ్లిపోతే, రాత్రి ఎవరి వేళకు వాళ్లొచ్చి వేడి చేసుకుని తింటారు. ఎవరైనా ఆధార్ కార్డు అడిగితే తప్ప తన పేరు తనకే గుర్తొచ్చేది కాదు.

చలపతిరావు పీట కోసం రాజీపడి, ఆమె చూస్తుండగానే ‘ముక్కామల రాజరాజేశ్వరి’ అని కొట్టాడు. పోయిన పండక్కి తీసిన పసుపుపచ్చ చీర ఫొటో కూడా పెట్టాడు. ఆమె పిండి ఫ్రిజ్‌లో పెట్టి ఉప్మా కలిపింది.

పాత ప్రోగ్రాంలోని పేర్లన్నీ కొత్తదాంట్లోకి రాగానే అది ఒక ప్రశ్న అడిగింది: ‘ఒకే మనిషి రెండుసార్లు నమోదైనట్టుంది. కలిపేయమంటారా?’ ఆయనకది తెలివైన ప్రశ్నలా తోచింది. అన్నీ కలుపు అని నొక్కాడు. ‘మీ ఫోనులోని వారందరికీ నేటి విశేషాలు తెలియజేయనా?’ అంది. దానికీ ఊ కొట్టాడు.

ఒకే పేరు, ఒకే ఇంటిపేరు. అత్తాకోడళ్లు ఒక్కటైపోయారు. ఫొటో కోడలిది నిలిచింది, చనిపోయిన తేదీ అత్తగారిది నిలిచింది. ఆ తేదీ సరిగ్గా ఇవాళే. ఇంట్లో తద్దినం తిథి ప్రకారం మొన్ననే పెట్టేశారు కనక ఇంగ్లీషు తేదీ ఎవరికీ గుర్తులేదు. ప్రోగ్రాంకి తిథులు తెలియవు. పసుపుపచ్చ చీర ఫొటో కింద ‘నేడు రాజరాజేశ్వరి గారి వర్ధంతి’ అని రాసి, చుట్టూ మల్లెపూలు పెట్టి, అందరికీ పంపేసింది.

ఉప్మా చల్లారకముందే చలపతిరావు ఫోను మోగింది. పెదనాన్న కోడలు కనకలక్ష్మి.

“అప్పుడే వర్ధంతి వచ్చేసిందా మరిదీ? పోయినప్పుడు కబురు తెలిసింది గాని, మా వాడి పరీక్షలు. రాలేకపోయాం. ఏమీ అనుకోకు.”

“అయ్యో వదినా, ఆవిడ బతికే ఉంది.”

“అవును నాయనా. మనందరి మనసుల్లో బతికే ఉంటుంది.”

తర్వాత ఒకరి వెనక ఒకరు. పాలకొల్లు నుంచి ఒకాయన తను పదకొండో రోజు భోజనానికి వచ్చానని, గారెలు బాగా కుదిరాయని చెప్పాడు. ప్లంబర్ ఐలయ్య దండం పెట్టే బొమ్మ పంపాడు. చలపతిరావు గొంతు పోయేలా “రాజరాజేశ్వరి బతికే ఉందండీ” అని అందరికీ చెబుతున్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె తన పేరు భర్త నోట వినడం అదే మొదలు. ఎటొచ్చీ, తనను పిలవడానికి కాదు.

పదకొండింటి వేళకు తలుపు గంట మోగింది. అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి రామ్మోహనరావు బంతిపూల దండతో నిలబడి ఉన్నాడు. చలపతిరావు బాల్కనీలో ఫోనులో ఉన్నాడు. రాజరాజేశ్వరే తలుపు తీసింది.

“మీరు ఆవిడ చెల్లెలా అమ్మా? పోలికలున్నాయి.”

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. “కాఫీ తాగుతారా?”

ఆయన కాఫీ తాగుతూ, పోయినావిడ దొడ్డమనిషనీ, లిఫ్టులో కనబడితే నవ్వకుండా వెళ్లేది కాదనీ, అసోసియేషన్ అంతా ఆమెను బాగా ఎరుగుదురనీ చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది. మధ్యలో చక్కెర సరిపోయిందా అని అడిగింది. దండ టీపాయ్ మీద పెట్టి ఆయన వెళ్లిపోయాక, వాడిపోతుందని ఆమే తీసి దేవుడి పటానికి వేసింది.

నవ్వు రావాల్సిందే. వచ్చింది కూడా. కాని ఫోను మోగినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆపి చెవి పెడుతూనే ఉంది. ఎవరో ఒకరు, అదేమిటి, మొన్ననేగా ఆవిడతో మాట్లాడాను అంటారని. ఒక్కరూ అనలేదు. తను పోయి ఏడాదైందంటే అందరికీ సబబుగానే తోచింది.

మధ్యాహ్నం అంట్లు సర్దుతుంటే ఆమె ఫోనే మోగింది. ప్రగతి నగర్‌లో ఉన్నప్పుడు పక్కింటి రుక్కమ్మ.

“ఎవరు మాట్లాడేది?”

“నేనే, రాజరాజేశ్వరిని.”

“నువ్వేనా రాజక్కా? చచ్చిపోయినవంట గదా.”

“మరి నాకెందుకు చేశావే?”

“నిన్ను గాక ఎవరిని అడుగుత? నీ సంగతి నీకే గదా ఎరుక. వర్ధంతి అని రాసిండ్రు, అంటే ఏడాదైనట్టు గదా. ఏడాదేంది, మొన్న బోనాలకు గంటసేపు ముచ్చట పెడితివి. జర పరేషానైన గానీ నమ్మలె.”

రాజరాజేశ్వరి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏమైందక్కా, ఉన్నవా?”

“ఉన్నాను.”

“ఒకసారి రారాదు? చెరువు కట్ట మీద పొద్దుగాల నడుస్తుంటిమి గదా. నువ్వు పోయినంక నేను బంద్ చేసిన. ఒక్కదాన్నే ఏం నడుస్త.”

ఆ సాయంత్రం జశ్వంత్, ప్రవీణ పొద్దుండగానే ఇంటికొచ్చారు. వీళ్ల ఫోన్లలో కబురు చూసి మేనేజర్లు ఎంత చెప్పినా వినిపించుకోకుండా సెలవిచ్చి పంపేశారట. నలుగురూ ఒకేసారి భోజనానికి కూర్చుని ఎన్నాళ్లైందో. రాజరాజేశ్వరి వంటగట్టు మీదే చపాతీలు ఒత్తి, వేడివేడిగా వడ్డించింది.

“విడదీయడం కుదరదంటోంది,” అన్నాడు చలపతిరావు బొంగురు గొంతుతో. “కలపడం ఒక్క నొక్కే గాని, విడదీయాలంటే మొదటినుంచీ రాసుకురావాలట. పాతదాంట్లోకే మారిపోతాను. అందులో చిన్నమ్మాయిగా క్షేమంగా ఉన్నావు.”

“వద్దు,” అంది ఆమె. “పేరు అదే ఉండనివ్వండి. మొదటినుంచే రాయండి. నేను రేపు ప్రగతి నగర్ వెళ్తున్నాను, రుక్కమ్మ దగ్గరికి. కొన్నాళ్లు ఉంటాను.”

ప్రవీణ చపాతీ తుంచడం ఆపింది. చలపతిరావు ‘ఇదిగో’ అనబోయి ఆగాడు. తల్లి పేరు నోటిదాకా వచ్చి అక్కడే తిరుగాడింది.

“రా... మరి ఎప్పుడొస్తావు?”

“వచ్చే వర్ధంతికి వస్తాను లెండి,” అని ఆమె పెరుగు గిన్నె ఆయన వైపు జరిపింది.

అది తిథి ప్రకారమా, తేదీ ప్రకారమా అని జశ్వంత్ తండ్రిని అడిగాడు.