మురుగుకాలువకు ఐదో ర్యాంకు

ఆ శుక్రవారం పొద్దున రిజ్వాన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి ల్యాప్‌టాప్‌లో ఫలితం చూడాలి. తొమ్మిదింటికి రిపోర్టు పంపాలి. పదింటికి ఇడ్లీలు తిని, జుమ్మా నమాజుకు తీరిగ్గా వెళ్లాలి. పెద్ద పెద్ద ప్రమాదాలన్నీ ఇలాంటి చిన్న ప్లానులతోనే మొదలవుతాయి.

చోడవరంలో బెల్లం గోదాముల వెనక వీధి అతనిది. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ప్రభుత్వ పథకాలకు సర్వేలు చేసిపెట్టే ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాడు. ఈసారి సర్వే అతని సొంత వీధికే పడింది. కాగితం మీద ఐదు పనులుంటాయి. మురుగుకాలువ, సిమెంటు రోడ్డు, దీపాలు, గ్రంథాలయం, సెల్ఫీ పాయింటు. ప్రతి ఇల్లూ వాటికి ఒకటి నుంచి ఐదు దాకా ర్యాంకులు వేయాలి. ఒక్క పని మంజూరవుతుంది.

రిజ్వాన్‌కు కావలసింది కాలువ. వాన పడితే చాలు, మురుగునీళ్లు గడప దాటి వాళ్లమ్మ అక్బరీ బేగం కుట్టుమిషను దాకా వచ్చేస్తాయి. మిషను ఇప్పటికే నాలుగు ఇటుకలెక్కింది. ఆవిడ స్టూలూ అంతే ఎక్కింది. ఇంకో రెండు ఇటుకలైతే ఆవిడ తల పైరేకుకు తగులుతుంది. అందుకే అమ్మను అడగకుండానే తమ ఇంటి కాగితం తనే నింపాడు. కాలువకు ఒకటి, సెల్ఫీ పాయింటుకు ఐదు.

అతని మోడల్ పద్ధతి సులువే. ఒక ఇంటివాళ్లు ఐదింటిలో ముందు దేన్ని పట్టుకున్నారు, దాన్ని తీసేస్తే మిగతా నాలుగింటిలో దేన్ని పట్టుకున్నారు, అలా చివరిదాకా చూసుకుంటూ పోయి, రెండు వందల పన్నెండిళ్ల కోరికలనూ కలిపి ఏ పనికెంత బలమో తేలుస్తుంది. మనిషి మనసు మనిషికే తెలియకపోయినా ల్యాప్‌టాప్‌కు తెలుస్తుందని రిజ్వాన్ నమ్మకం.

ఎనిమిదింటికి ఫలితం వచ్చింది. వీధి మొత్తం ప్రాణాలు పెట్టుకుని ఎదురుచూస్తున్నది సెల్ఫీ పాయింటు కోసం. కాలువ అట్టడుగున, ఐదో ర్యాంకులో ఉంది. పైగా మోడల్ వీధిని రెండు వర్గాలుగా విడగొట్టింది. మొదటి వర్గంలో రెండు వందల పదకొండు ఇళ్లు. రెండో వర్గంలో ఒకే ఇల్లు. నంబరు చూస్తే తమదే.

పథకం ఆఫీసర్ బంగార్రాజుకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"ఆ ఒక్క ఇల్లూ తీసేయవయ్యా. ఎవడో తిక్కలోడుంటాడు."

"అది మా ఇల్లేనండి."

"మరీ మంచిది. మొహమాటం లేకుండా తీసేయ్. రిపోర్టు తొమ్మిదికల్లా పైకెళ్లిపోవాలి."

వెళ్లిపోయింది.

శనివారానికి బంగార్రాజు వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టించాడు. సెల్ఫీ పాయింటులో పెట్టబోయే పెద్ద గుండె బొమ్మ, కింద 'ప్రజల తొలి కోరిక' అని అక్షరాలు. దాన్ని చూసి వీధి పండగ చేసుకుంది. ఎదురింటి అచ్చియ్యమ్మ ఇంటింటికీ బెల్లంముక్క పంచుతూ రిజ్వాన్ గడపలోకి వచ్చింది.

"ఏటిరా బాబూ, మా రాత బాగా ఎక్కిందా కంప్యూటర్లో?"

"ఎక్కింది పిన్నీ. సెల్ఫీ పాయింటు వస్తంది. మురుగులో మునుగుతా ఫొటోలు దిగండి."

"ఓరి ఎర్రోడా! సెల్ఫీ ఎవడిక్కావాలిరా? ఆరేళ్ల కింద రోడ్డు ఒకటి, సెత్తకుండీ అయిదూ అని రాసేం. ఏటొచ్చింది?"

"చెత్తకుండీ."

"తర్వాత పాలి కుళాయి ఒకటన్నాం, బస్సు సెల్టరు అయిదన్నాం. బస్సే రాని వీధికి ఏటొచ్చింది?"

"బస్సు షెల్టరు."

"ఆ సెల్టర్లోనే కూకుని ఈ పాలి అందరం ఒక మాట అనుకున్నాం. కాలువకి అయిదెయ్యాలని."

రిజ్వాన్ తల్లివైపు తిరిగాడు. "నీకు తెలుసా అమ్మీ? నాకెందుకు సెప్పలేదు?"

అక్బరీ బేగం మిషను మీద నుంచి తల వంచి, అంటే పైనుంచి కిందికి, చూసింది. "సదువుకున్నోడివి కద బేటా. నిజం రాసేస్తావని భయపడ్డాం. రాసేసేవు కూడా."

శాస్త్రానికి ఇంతకన్నా పెద్ద అవమానం ఉండదు. వీధివాళ్ల అసలు కోరిక కాలువ. కాగితం మీదున్నది దాని తలకిందులు. అంటే రిపోర్టు అబద్ధం! రిజ్వాన్ ల్యాప్‌టాప్ తెరిచాడు.

"దాన్ని ముట్టుకోకురా," అంది తల్లి.

"డేటా సరిచెయ్యాలి అమ్మీ."

"అయ్యే పనిని సరిచేసేవాడివి నువ్వొక్కడివే," అని అచ్చియ్యమ్మ మిగిలిన బెల్లం కొంగున కట్టుకుని లేచిపోయింది.

అతను రెండు వందల పదకొండు కాగితాల్లోనూ ర్యాంకులు తిరగేశాడు. ఒకటి ఐదైంది, ఐదు ఒకటైంది. మోడల్ మళ్లీ నడిపితే కాలువ మొదటి ర్యాంకుకెక్కి కూర్చుంది. వర్గాలు పోయాయి. వీధంతా తన ఇంటి మాట మీదే నిలబడింది. అంత అందమైన ఫలితం అతను పాఠ్యపుస్తకంలో కూడా చూడలేదు. సోమవారం పొద్దున్నే 'సవరించిన రిపోర్టు' పైకి వెళ్లింది.

బుధవారం బంగార్రాజు ఫోన్ చేశాడు.

"మంజూరు వచ్చేసిందయ్యా!"

"కాలువేనాండి?"

"కాలువా? అది శుక్రవారం సాయంత్రమే మంజూరైపోయింది, నీ పాత రిపోర్టు మీద. సంతకం కూడా పడింది. నీ సవరణ సూసి రద్దు సేసేరు."

"ఎందుకండీ?"

"ఇప్పుడది ఫస్టు కదా మరి! ఫస్టుదంటే ముఖ్యమైనది. ముఖ్యమైనదానికి ఎస్టిమేటు, పరిశీలన, కమిటీ, కమిటీ మీద ఇంకో కమిటీ. అయిదోదాన్ని అడిగేవోడూ ఉండడు, ఆపేవోడూ ఉండడు. ఆ రోజే సంతకం."

"మరి ఇప్పుడు అయిదోది..."

"ఏటయ్యా, నువ్వే కదా రాసేవు. గుండె బొమ్మ ఎర్రదెయ్యమంటావా, గులాబీదా?"

ఎర్రదే వేశారు. వీధి మధ్యలో, మురుగు సరిగ్గా ఎక్కడ నిలుస్తుందో అక్కడే, మూడడుగుల సిమెంటు దిమ్మ కట్టి, పైన రేకు వేసి, దిమ్మ మీద నడుమ ఖాళీగా ఉన్న మనిషెత్తు గుండె నిలబెట్టారు.

మొదటి వానకు వీధి మునిగింది. తడవని చోటు ఒక్కటే మిగిలింది. నలుగురు మగాళ్లు పట్టి అక్బరీ బేగం కుట్టుమిషనును దిమ్మ మీదికి ఎక్కించారు. ఆవిడ ఎర్ర గుండె నడుమ కూర్చుని, ఇటుకల అవసరం లేకుండా, హాయిగా జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. పక్క ఊరు వడ్డాది నుంచి కూడా జనం వచ్చి ఆవిడతో సెల్ఫీలు దిగి, పనిలో పనిగా కొలతలిచ్చి వెళ్తున్నారు. రిజ్వాన్ మాత్రం మోకాలి లోతు నీళ్లలో నిలబడి తల్లికి టీ అందిస్తున్నాడు.

మరుసటి ఏడాది సర్వేలో రిజ్వాన్ ఇంటి కాగితం అచ్చియ్యమ్మ చేతిరాతలో ఉంది.