కరుణాకుమారి గొంతు కాజేసిందెవరు

"నేరస్థుడు ఎంత తెలివైనోడైనా కానీ అన్నా, ఈ పెంచలకృష్ణ కళ్ళబడినాక వాడికి రెండే దార్లు. ఒకటి జైలు. రెండోది కూడా జైలే."

ఈ గంభీరమైన ప్రకటన చేసింది సుశీల్ కుమార్‌తో అనుకుంటే పొరపాటు. మిద్దె మీది గదిలో దుప్పటి కప్పిన మైకు స్టాండుతో చేశాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చినవాడికి స్టాండేదో మనిషేదో తెలిసే అవకాశం లేదు. కళ్ళద్దాలు తీస్తే డిటెక్టివ్‌కు మర్యాద కాదని అతని నమ్మకం.

"నేనిక్కడ ఉండా," అన్నాడు సుశీల్ కుమార్, కంప్యూటర్ ముందునుంచి.

"తెలుసు. నువ్వెట్ట బయటపడతావో చూద్దామనే అట్ట మాట్లాడినా."

పెంచలకృష్ణ వృత్తి అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో నీళ్ళు పరీక్ష చేయడం. పుట్టుక మాత్రం డిటెక్టివ్ పుట్టుక. ఈ మాట అతనే కార్డు మీద అచ్చు వేయించుకున్నాడు. వాళ్ళ మామ గుంటలో మాయమైన ఏరియేటర్, అంటే నీళ్ళు చిలికి గాలి పట్టించే యంత్రం, కేసు అతని కీర్తికి పునాది. వారం రోజులు నిఘా వేసి, ముగ్గురి మీద అనుమానపడి, చివరికి ఆ ఏరియేటర్ ఎక్కడికీ పోలేదని, అదే గుంటలో తిరుగుతూనే ఉందని తేల్చాడు. సొత్తు దొరికింది కాబట్టి కేసు గెలిచినట్టే లెక్క.

అలాంటివాడిని పిలిపించుకున్నాడంటే సుశీల్ కుమార్ ఎంత దిక్కుతోచని స్థితిలో ఉన్నాడో ఊహించుకోవచ్చు. పగలు స్కూల్లో లెక్కలు చెప్పుకుని, సాయంత్రాలు ఈ గదిలో పాటలు రికార్డు చేసుకునే నెమ్మదైన మనిషి. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాడు, కిటికీకి పరుపు కట్టాడు. అంత చేసినా గుంటల మీది ఏరియేటర్ల మోత సందు చూసుకుని లోపలికి వచ్చేది. ఆ మోతతో పోట్లాడుతూనే ఈసారి భార్య కరుణాకుమారి చేత పాట పాడించాడు. ఆదివారం చర్చి వార్షికోత్సవంలో వినిపించాల్సిన పాట. పెళ్ళికాక ముందునుంచీ గాయక బృందంలో వెనక వరసలో నిలబడి పాడుతున్న మనిషికి ఇన్నేళ్ళకు ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది. పాట బ్రహ్మాండంగా కుదిరింది. హెడ్‌ఫోన్లో వింటే ఆమె గొంతు రెండు చెవులూ నిండిపోయేది.

గురువారం చర్చి దగ్గర ట్రయలు వేశారు. మైకుసెట్టు గంగులయ్య సరుగుడు కర్రకు కట్టిన గొట్టం స్పీకర్లో పాట మొదలైంది. కీబోర్డు వచ్చింది, తబలా వచ్చింది, ఫ్లూటు కూడా వచ్చింది. కరుణాకుమారి గొంతు మాత్రం రాలేదు. సన్నగా కాదు, దూరంగా కాదు, అసలు లేదు. పల్లవి చోట ఖాళీ, చరణం చోట ఖాళీ. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మళ్ళీ నిక్షేపంగా ఉంది.

"నీ కీబోర్డు ఊరంతా వినపడింది," అంది కరుణాకుమారి ఆ సాయంత్రం. "నా గొంతు నీకు అడ్డమని ఒక్క మాట చెప్పుంటే నేనే మానుకునేదాన్ని గదా." ఆ తర్వాత మాటలు ఆపేసింది. అన్నం పెట్టేది, కూర వేసేది, పళ్ళెం చేసే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఆదివారం లోపు గొంతు దొరక్కపోతే ఆ పాట ఎప్పటిలాగే బృందంలోని ఫ్లోరా పాడుతుందని పాస్టరు గారు చెప్పేశారు. సుశీల్ కుమార్‌కు పాట పోతుందన్న దిగులు కన్నా, భార్య అన్న ఆ మాటే గుండెలో ముల్లులా ఉండిపోయింది.

"గొంతు ఏ దారిన లోపలికి పోతది?" పెంచలకృష్ణ విచారణ మొదలుపెట్టాడు.

"మైకులోంచి ఈ వైరు. వైరులోంచి ఈ డబ్బా. డబ్బాలోంచి కంప్యూటర్."

"బయటికి?"

"కంప్యూటర్లోంచి మళ్ళా డబ్బాలోకి. డబ్బాలోంచి హెడ్‌ఫోన్‌కి."

"అంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఈ డబ్బా కాడ ఆగాల్సిందే." అతను వంగి, డబ్బా మీదికి ముఖం పెట్టి, మైకు పక్కనే ఉందని గమనించకుండా గర్జించాడు. "నిజం చెప్పు. ఎవరి మనిషివి నువ్వు?"

డబ్బా మీది దీపం ఎర్రగా వెలిగింది.

"చూసినావా అన్నా, నా గొంతు వినంగానే ముఖం ఎట్ట ఎర్రబడిందో."

"గట్టిగా అరిస్తే ఎవరికైనా అట్టే వెలుగుతది కృష్ణా."

"నేరస్థులందరూ మొదట అదే చెప్తారు."

తర్వాత జేబులోంచి నీళ్ళు పరీక్షించే సరంజామా తీసి, మైకు ముందున్న స్పాంజిని తడిపి పిండి, ఉప్పు శాతం చూశాడు. ఏమిటిదని అడిగితే, పాడినామె ఏడుస్తూ పాడిందా సంతోషంగా పాడిందా తేలుతుందన్నాడు. రొయ్యపిల్లలు బతకడానికి అనుకూలంగా ఉందని తేలింది.

"కేసు తేలికైపోయింది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "గొంతు ఇంట్లో ఉండాది, చర్చి కాడ లేదు. అంటే దారిలో పోయింది. దారిలో ఎవరి ఇల్లుండాది? ఫ్లోరాది. ఇన్నేళ్ళూ పాడినామె ఎవరు? ఫ్లోరా. ఇంక నువ్వు నిశ్చింతగా నిద్రపో."

సుశీల్ కుమార్ అసలే లేని నిద్రను ఆ మాటతో పూర్తిగా వదులుకున్నాడు. ఫ్లోరా మంచి మనిషి, చర్చిలో అందరికీ అక్క. ఆమెను దొంగ అన్నారని తెలిస్తే ఇంట్లోనే కాదు, ఊళ్ళో కూడా తనతో మాట్లాడేవాళ్ళుండరు.

శనివారం పొద్దున పెంచలకృష్ణ మారువేషంలో ఫ్లోరాను వెంబడించాడు. మారువేషమంటే రొయ్యల మేత సంచి నెత్తిన కప్పుకోవడం. ఆమె బజారుదాకా నడిచి, గిరుక్కున వెనక్కి తిరిగింది.

"తమ్ముడా, మా గుంటలో నీళ్ళు చూసిపెట్టమని ఎన్నిసార్లు ఫోన్ చేసినా? ఇప్పటికి వీలైందా? రా, పోదాం."

మధ్యాహ్నానికి అతను మోకాళ్ళదాకా బురదతో సుశీల్ కుమార్ దగ్గరికి వచ్చి నివేదిక సమర్పించాడు. "ఉప్పు సరిగ్గా ఉండాది. అనుమానం మాత్రం పెరిగింది. రేపు అందరి ముందూ ముసుగు తీసేస్తా."

"ఎవరి ముసుగూ తీయొద్దు నాయనా, నీకు దణ్ణం పెడతా."

అతని దణ్ణాన్ని పెంచలకృష్ణ కృతజ్ఞతగా స్వీకరించి వెళ్ళిపోయాడు.

ఆదివారం సాయంత్రం ఆరాధనకు ఇంకా కాస్త సమయముంది. షామియానా కింద జనం ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. కరుణాకుమారి కొత్త చీర కట్టుకుంది గానీ, వచ్చి వెనక వరసలోనే కూర్చుంది. ఆమె పక్కన ఫ్లోరా. ముందు బల్ల మీద సుశీల్ కుమార్ లాప్‌టాప్, దాని పక్క రంధ్రంలో గుచ్చిన వైరు పిన్ను, ఆ వైరు చివర గంగులయ్య ఆంప్లిఫయరు. సుశీల్ కుమార్ ఆఖరి ఆశతో పాట నొక్కాడు. గొట్టంలోంచి మళ్ళీ వట్టి సంగీతమే. వెనక వరసలో కరుణాకుమారి తల వంచుకుంది.

"అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి," అంటూ పెంచలకృష్ణ బల్ల ముందుకు వచ్చాడు. జనం అప్పటికే ఎక్కడివాళ్ళక్కడ కూర్చునే ఉన్నారు. "కరుణాకుమారి గారి గొంతు కాజేసిన మనిషి ఈ షామియానా కిందనే ఉండాడు. లేదా ఉండాది."

"ఎవురయ్యా అది?" అన్నాడు గంగులయ్య.

"తొందరపడొద్దు. ముందు మీ అందరి ముఖాలూ ఒకసారి చూడాల." అందరి ముఖాలూ ఒక్కసారే కనిపించాలని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. మూడో అడుగులో వైరు కాలికి చుట్టుకుంది. కళ్ళద్దాలు ఒకవైపు, మనిషి ఇంకోవైపు పోయి, దొంతరగా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల్లో పడ్డాడు. లాప్‌టాప్‌లోని పిన్ను సగం బయటికొచ్చి ఆగింది.

సంగీతం చటుక్కున ఆగిపోయింది. దాని చోట కరుణాకుమారి గొంతు వచ్చింది.

ఒక్క గొంతే. కీబోర్డు లేదు, తబలా లేదు. గొట్టంలోంచి బయటపడిన ఆ గొంతు షామియానా దాటి, రోడ్డు దాటి, గుంటల మీదికి పోయింది. కుర్చీలు సర్దుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. కుర్చీల కింద పడ్డవాడు కూడా లేవకుండా పడుకునే విన్నాడు.

సుశీల్ కుమార్ పిన్ను వైపు చూశాడు, తెర వైపు చూశాడు. ఏరియేటర్ల మోత పోగొట్టాలని పాట రికార్డు చేసిన రోజు తెర మీది అన్ని బొత్తాలూ నొక్కి చూశాడు. సున్నాకు అడ్డగీత కొట్టిన బొత్తామొకటి కనిపించింది. మోతను సున్నా చేస్తుందనుకుని నొక్కాడు. భార్య గొంతును రెండు కాపీలు చేసి ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి పంపించింది తనే. ఆ బొత్తాం కుడివైపు గొంతును తిరగేసిందని ఇప్పుడు అర్థమైంది. హెడ్‌ఫోన్లో ఏ చెవి గొంతు ఆ చెవికే పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. గొట్టం ఒక్కటే కాబట్టి రెండు గొంతులూ అక్కడ కలుసుకుంటాయి. ఒకే తలుపును ఇద్దరు చెరోవైపు నుంచి నెట్టినట్టు, ఒకదాన్నొకటి ఆపేసుకుంటాయి. పిన్ను సగం ఊడేసరికి ఒకవైపు శబ్దమంతా తిరగబడి లెక్క తలకిందులైంది. గొంతులు ఒకవైపుకు వచ్చాయి, రెండువైపులా ఒకేలా ఉన్న సంగీతం ఒకదాన్నొకటి ఆపేసుకుని మాయమైంది.

పాట అయిపోయింది. పెంచలకృష్ణ మెడలో ఒక కుర్చీతో సహా లేచి నిలబడ్డాడు.

"నేను కావాలనే పడినా. సొత్తు దొరికింది."

"దొంగెవురు మరి?" అంది ఫ్లోరా. "ఇందాకట్నించీ నా వైపే చూస్తుండావు."

పెంచలకృష్ణ గొంతు సవరించుకునే లోపు సుశీల్ కుమార్ లేచాడు. స్కూల్లో తప్పు లెక్క చేసిన పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. "నేనే. కావాలని కాదు. తెలియని బొత్తాం ఒకటి నొక్కినా."

కరుణాకుమారి వెనక వరసలోంచి లేచి బల్ల దాకా నడిచి వచ్చింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"నా గొంతు అడ్డమని కాదు గదా."

"కాదు. ఒట్టి తెలివితక్కువతనం."

"అదైతే నమ్ముతా," అందామె.

పాస్టరు గారు గడియారం చూసుకున్నారు. "సుశీలూ, బొత్తాం సరిచేస్తే సంగీతం కూడా వస్తదా?"

"ఒక్క నిమిషం పనండీ." అతని చెయ్యి తెర దాకా పోయి ఆగింది. ఆ సంగీతం కోసం ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడో అతనికే తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఈ పూటకి ఇట్టే ఉండనీండి."

కరుణాకుమారి గొట్టం వైపు చూస్తూ నిలబడింది. "నా గొంతు ఇట్ట ఉంటదా?"

"ఎప్పుడూ ఇట్టే ఉంటది."

"నెల రోజుల్నించి చెవులకు పెట్టుకోని వింటుండావే. మరి ఒక్కసారి కూడా చెప్పలేదే?"

సుశీల్ కుమార్ దిక్కుతోచక పెంచలకృష్ణ వైపు చూశాడు.

పెంచలకృష్ణ మెడలోంచి కుర్చీ తీసి నెమ్మదిగా కింద పెట్టాడు. "ఇట్టాంటి కేసులు నేను పట్టుకోనన్నా," అన్నాడు.