చెంచాడు నూనె

పది గంటలకు పరీక్ష. తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాలని బంకాయన ఆరింటికే లేచాడు. ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. కార్బన్ పోగుల్ని రెసిన్ అనే బంకతో అతికించడమే పని గనక, ఈ పేరు అతుక్కుపోయింది.

ఆ పోగులతో కృత్రిమ కాళ్ళు చేస్తారు. బలానికి ఇనుము దిగదుడుపే గానీ, నునుపుతోనే వచ్చింది చిక్కంతా. దోమ వాలిందంటే జారిపడి నడుం విరగ్గొట్టుకోవలసిందే. అలాంటిదాన్ని రెసిన్ మాత్రం ఎక్కడని పట్టుకుంటుంది? అందుకని బంకాయన పోగుల్ని ముందు యాసిడ్‌లో ముంచి కడుగుతాడు. నున్నటి గోడకు గాట్లు పెట్టి సిమెంటు మెత్తినట్టు, అప్పుడు పట్టు దొరుకుతుంది. ఈ ముంచుడంతా దండగని కాళ్ళు కొనే ఆసుపత్రి పెద్దావిడ అనుమానం. ఇవాళ ఆవిడ కళ్ళముందు నిరూపించకపోతే ముంచే విభాగం మూత, బంకాయన ఇంటికి.

నిన్న ఆఫీసులో ఆరబెట్టే ఓవెన్ చెడిపోయింది. కడిగిన రెండు కట్టల్నీ ఇంటికి తెచ్చి, బట్టల స్టాండుకు క్లిప్పులు పెట్టి వేలాడదీశాడు. మూరెడు పొడవు, కాటుక నలుపు.

ఆయన స్నానానికి వెళ్ళగానే అత్తగారి కంట పడ్డాయవి. తడిమి చూసి వంటింట్లోకి పరుగెత్తింది.

"అమ్మాయ్, మీ ఆయన విగ్గు చేయించుకుంటున్నాడే!"

"ఊరుకోమ్మా. ఆయనకు జుట్టుందిగా!"

"నడినెత్తిన ఎప్పుడైనా చూశావా? మనకు తెలియకూడదని బట్టల మధ్య దాచుకున్నాడు, పాపం. అదేం జుట్టే, ఎండుగడ్డి నయం!"

మనలో మాట, ఉపకారబుద్ధి మనిషిని ఊరికే కూర్చోనివ్వదు. అత్తగారు ఒక కట్టకు చెంచాడు నూనె పట్టించి, దువ్వి, గుడ్డతో ఒత్తి తుడిచి మళ్ళీ తగిలించింది. రెండోదానికని సీసా వంచితే చుక్క రాలలేదు.

టిఫిన్ దగ్గర భార్య ఆయన తలకేసే చూస్తోంది.

"ఏమండీ, దిగులు పెట్టుకోకండి. పోతే పోయింది."

బంకాయన ఉలిక్కిపడ్డాడు. ఉద్యోగం సంగతి ఇంట్లో చెప్పనేలేదు. "నీకెవరు చెప్పారు?"

"అమ్మ కనిపెట్టింది. మా పెదనాన్నకు ముప్పయ్యేళ్ళకే పోయింది. హాయిగా లేడూ?"

"ఆయనకు ఇంటద్దెలొస్తాయే!"

జుట్టుకూ ఇంటద్దెలకూ సంబంధమేమిటో ఆవిడకు అర్థంకాలేదు. అత్తగారు ఎలా కనిపెట్టిందో ఈయనకు అంతుబట్టలేదు. కట్టలు రెండూ సంచిలో వేసుకుని బయల్దేరాడు.

ఆఫీసులో త్వరగా గట్టిపడే రెసిన్ పోసి కట్టకొకటి చొప్పున రెండు పలకలు తయారుచేశాడు. పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకుని కూర్చుంది. మేనేజరు చేతులు నలుపుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది.

"బాబూ, నేనే. మనసాగక చెబుతున్నాను. ఒకదానికి నూనె రాశాను."

"దేనికి అత్తయ్యగారూ?"

"ఆ జుట్టుకే. రెండోదానికి సాయంత్రం రాస్తాలెండి."

బంకాయన రెండు పలకల్నీ మార్చి మార్చి చూశాడు. "ఏ కట్టకు రాశారు?"

"నల్లదానికి."

మొదటి పలకను యంత్రానికి బిగించి లాగారు. అరటితొక్క కూడా అంత మర్యాదగా ఊడిరాదు. రెసిన్ ఒకవైపు, పోగులు ఒకవైపు.

"ఏమయ్యా, ఇదేనా నీ పట్టు?" అన్నాడు మేనేజరు.

రెండోది బిగించారు. యంత్రం మూలిగింది, గింజుకుంది. చివరికి పలక విరిగింది గానీ పోగు రెసిన్‌ను వదల్లేదు.

పెద్దావిడ ముక్కలన్నీ తడిమి చూసింది. "రెండింటికీ తేడా ఏమిటి?"

అబద్ధం వెతుక్కునే ఓపిక కూడా బంకాయనకు లేకపోయింది. "రెండూ యాసిడ్‌లో ముంచినవేనండీ. మొదటిదానికి మా అత్తగారు నూనె రాశారు."

"ఎంత?"

"చెంచాడుంటుందండీ."

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. పెద్దావిడ మాత్రం ఆ ఊడిన పోగుల్ని వేళ్ళ మధ్య రుద్ది చూసింది.

"మూడేళ్ళుగా మీవాళ్ళు బొమ్మలు గీసి చెప్పినా నాకెక్కలేదయ్యా. పోగు గట్టిదైతే చాలనుకున్నాను, పట్టంతా దాని పైభాగంలోనే ఉందన్నమాట. పైన చెంచాడు నూనెకే ఇలా ఊడితే, రేపు మెట్లు దిగేవాడి గతేమిటి? మీ ముంచుడు ఆపకండి."

ఉద్యోగం నిలిచింది. సాయంత్రం బంకాయన ఇంట్లో కార్బన్ పోగుల గురించి గంటసేపు విడమరిచి చెప్పాడు. అత్తగారు ఓపిగ్గా విని, కూతురివైపు జాలిగా చూసి, కొత్త సీసా మూత తీసింది.

"మా దగ్గర సిగ్గేమిటి బాబూ, తల వంచండి."

ఆనాటి నుంచి బంకాయన నెత్తిన టోపీ కూడా నిలవడం లేదు.