ఎడమ తుంటిగారికి కుర్చీ

చక్రవర్తిగారి రజతోత్సవం జరిగిన ఏడాది, కొల్లేటి ఒడ్డున తూములంక పేటలో ఉండే మరియమ్మ ఎడమ తుంటిలోంచి విరిగిన ఎముక తీసేసి, ఏలూరులో ఒక దొర డాక్టరు ఏనుగు దంతపు గుండు పెట్టాడు. ఇందువల్ల రాగల ఇబ్బందులన్నీ ఆయన ముందే చెప్పాడు. చీము పట్టవచ్చు. జ్వరం రావచ్చు. కాలు పొట్టి కావచ్చు. నెత్తురు గడ్డకట్టి గుండెకు ఎక్కవచ్చు. గుండు గూట్లోంచి జారిపోవచ్చు. చదువుకున్నవాడు కాబట్టి ఆయన చెప్పినవాటిలో కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. చెప్పనిది ఒకటి వచ్చింది. దాని పేరు కుర్చీ.

జరిగింది ఇది. నాట్ల రోజుల్లో నారుకట్ట నెత్తిన పెట్టుకుని గట్టు మీద వస్తూ మరియమ్మ జారిపడింది. మళ్ళీ లేవలేదు. మొగుడు అబ్బులు ఆమెను తలుపురెక్క మీద పడుకోబెట్టి, దోనెలోనూ ఆపైన బండిలోనూ వేసుకుని ఏలూరు చేర్చాడు. తుంటి ఎముక తల పిండి అయిపోయిందనీ, ఇంకో తల పెడితే తప్ప నడవదనీ డాక్టరు తేల్చాడు. సీమ నుంచి తెప్పించాలంటే ఓడ రావాలి. ఓడ వచ్చేదాకా మరియమ్మ ఆగేలా లేదు.

ఆస్పత్రి సామాన్లగదిలో ఒక చేతికర్ర పడి ఉంది. రజతోత్సవం పేరు మీద పెద్దలందరూ ఆస్పత్రికి ఏదో ఒకటి దానం చెయ్యాలని కబురు వస్తే, తూములంక భూస్వామి నరసరాజుగారు మహా ఉదారంగా తమ తండ్రిగారి కర్ర ఇచ్చేశారు. పైన గజనిమ్మకాయంత దంతపు గుండు. కింద కర్ర మాత్రం రెండు ముక్కలు. ఆ తండ్రిగారి, అంటే పెదరాజుగారి హయాంలో అది అబ్బులు తండ్రి వీపు మీద విరిగింది. గుండుకు చిన్న గీతయినా పడలేదు. మంచి సరుకు. డాక్టరు దాన్ని అరగదీసి, మరిగే నీళ్ళలో వేసి తీసి, మరియమ్మ తుంటిలో బిగించాడు. ఆ విధంగా ఆ కుటుంబానికీ ఆ కర్రకీ సంబంధం మళ్ళీ కలిసింది.

ఇంటికి పంపే రోజున డాక్టరు మంచం పక్కన నిలబడి జాగ్రత్తలు చెప్పాడు. ఆయన మునిషీ దగ్గర నేర్చుకున్న తెలుగు చాలా శుభ్రంగా ఉంటుంది.

“నీవు ఎన్నటికిని నేలమీద కూర్చుండరాదు. గొంతుకూర్చుండరాదు. నడుము వంచరాదు. ఎత్తయిన కుర్చీలో మాత్రమే కూర్చుండవలెను. తప్పినయెడల గుండు ఊడును. మరల నడువజాలవు.”

“అలాగేనండి,” అంది మరియమ్మ. కాసేపు ఆలోచించి, “మరి రాజుగారొస్తేనండి?” అంది.

“రాజుగారికి నీ తుంటితో ఏమి పని?”

“తుంటితో పని లేదండి. వంగటంతోనండి.”

డాక్టరుకు బోధపడలేదు. సీమలో వైద్యం ఎంత బాగా చెప్పినా ఈ పాఠం చెప్పినట్టు లేదు. ఆస్పత్రి కుర్చీ ఒకటి బండిలో వేయించి పంపించేశాడు.

అబ్బులు ఆ కుర్చీని గుమ్మం ముందు వేశాడు. మరియమ్మ రెండు చేతులూ ఆనించి మెల్లగా కూర్చుంది. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఆ గుమ్మంలో నేల మీద కూర్చుంటే ఆమెకు ఎదురుగా దడి కనిపించేది. ఇప్పుడు దడి పైనుంచి కొల్లేరు కనిపించింది. నీళ్ళు, కిక్కిస గడ్డి, గడ్డి మీద వాలుతున్న కొంగలు. ఇన్నాళ్ళూ ఇది ఇంటి ముందే ఉందా అనుకుంది. తుంటి సలుపు కూడా మరిచిపోయింది.

ఆడపడుచు యేసమ్మ పరుగెత్తుకొచ్చింది. “వదినా, దిగు! రాజుగారు ఇటే వస్తున్నారు. చూశారంటే కౌలు తీసేస్తారు. తినేది గడ్డే మనం!”

“దిగితే గుండు ఊడిపోద్దంటే. డాక్టరుగారు చెప్పారు.”

“డాక్టరుగారేమన్నా మనకి చేనిస్తారా?”

అంతలోనే నరసరాజుగారు గట్టు మీదుగా రానే వచ్చారు. పేటంతా లేచి నిలబడింది. మరియమ్మా లేవబోయింది. కొత్త తుంటికి ఆ తొందర తెలియదు. అది లేచేలోపల రాజుగారు దాటిపోతున్నారు. చేసేదిలేక ఆమె మెడ మాత్రం వంచింది. రాజుగారు మెడ చూడలేదు. కుర్చీ చూశారు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదని దివాణం నుంచి విచారకరమైన వార్త వెలువడింది.

మర్నాడు మునసబు పాపారావుగారి అరుగు దగ్గర విచారణ పెట్టారు. అరుగు మీద రాజుగారు కుర్చీలో, పెద్దలు చాపల మీద, పేటవాళ్ళు కింద మట్టిలో యథాస్థానాల్లో ఉన్నారు. మరియమ్మ ఒక్కతే అబ్బులు భుజం పట్టుకుని నిలబడింది. మునసబుగారు గొంతు సవరించుకున్నారు.

“ఊళ్ళో కుర్చీలు మూడండీ. ఒకటి రాజుగారిది. ఒకటి తహసీల్దారుగారొస్తే వెయ్యడానికి. మూడోది నాది. రాజుగారు లేనప్పుడు కూర్చుంటానండి. నాలుగోది పేటలో వెలిస్తే ఇంక పరిపాలన సాగేదెట్లాగండీ?”

పెద్దలు దీర్ఘంగా ఆలోచించారు. కుర్చీ కాళ్ళు కోయించి పీట ఎత్తుకు దించమన్నారు ఒకరు. మనుషులెవరూ చూడకుండా చీకటి పడ్డాక కూర్చోమన్నారు మరొకరు. చాలా దయగల పెద్దమనిషి ఒకాయన, మరియమ్మ బతికినన్నాళ్ళూ నిలబడే ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదన్నారు. అలిసిపోతే పడుకోవడానికి కూడా ఒప్పుకుందామని ఆయనే అన్నారు. ఆ మాటకు అరుగంతా తలలు ఊపింది.

“అవన్నీ తరవాత. ముందు దాన్ని అందరిలాగా కింద కూర్చోమను,” అన్నారు రాజుగారు.

“బాబయ్యా, ఊడిపోద్దండి…” అన్నాడు అబ్బులు.

“ఏది? కౌలా?” అన్నారు మునసబుగారు. అరుగు మీద నవ్వారు.

అబ్బులు పెళ్ళాం మొహం చూడలేక నేల చూశాడు. చేను పోతే ఇద్దరికీ తిండి లేదు. తుంటి పోతే ఒక్కదానికే నడక లేదు. లెక్క చూసుకుని ఆమె ఎడమకాలు ముందుకు చాపి, కుడిమోకాలు వంచి, కిందికి దిగడం మొదలుపెట్టింది. తుంటిలో కిర్రుమంది. అరుగు మీదికి కూడా వినిపించింది. ఆమె పెదవి కొరుక్కుంది గాని ఆగలేదు.

అప్పుడు పేట బడి మాస్టారు అహరోను వెనకనుంచి లేచాడు. ఆయన్ని ధైర్యవంతుడని ఎవరూ అనరు. జీతం మిషనువాళ్ళది, ఇల్లు రాజుగారి స్థలంలోది. అందుచేత ఎవరినీ నొప్పించకుండా మాట్లాడటం బాగా అలవాటయింది.

“చిన్న మనవండి. తప్పయితే క్షమించాలండి. మరియమ్మ మట్టిలో కూర్చుంటే ఏముందండి, ఎప్పుడూ కూర్చునేదే. కానీ లోపల ఉన్న గుండు తమరు ఆస్పత్రికి దయచేసిన పెదరాజుగారి చేతికర్రదండి. జన్మంతా వారి అరచెయ్యి ఆనుకున్న గుండండి. ఆవిడతోపాటు అదీ వచ్చి మా అందరి కాళ్ళ దగ్గర కూర్చుంటుంది కదండీ. అది మర్యాదేనంటారా అండీ?”

రాజుగారు ఉన్నపళాన లేచి నిలబడ్డారు.

“ఏయ్, ఆగు! కూర్చోకు! కుర్చీ! ముందు కుర్చీ తెండి!”

దగ్గరలో ఉన్నది మునసబుగారి కుర్చీ. అదే తెచ్చారు. ఇద్దరు ముగ్గురు పట్టుకుని మరియమ్మను అందులోకి చేర్చారు. మునసబుగారు చాప మీంచి లేచి నిలబడ్డారు. రాజుగారు ఉపన్యాసం ఇచ్చారు.

“మహాజనులారా! మా తండ్రిగారు ప్రాణంతో ఉండగా నేల మీద కూర్చుని ఎరగరు. వారి చేతికర్ర గుండుకు ఆ గతి పట్టనిస్తామా? ఈ కుర్చీ మరియమ్మకు ఇచ్చింది కాదు. మా గుండుకు ఇచ్చింది. గుండు చుట్టూ ఆమె కూడా ఉండటం వైద్యరీత్యా తప్పదు గనక సహిస్తున్నాము.”

అందరూ చప్పట్లు కొట్టారు. పేటవాళ్ళు కూడా కొట్టారు. కౌలు నిలిచింది. తుంటి నిలిచింది. ఇంత న్యాయమైన తీర్పు ఈ ప్రాంతంలో లేదని అప్పటికప్పుడే నిర్ణయించారు.

తీర్పు అమలులో కొన్ని చిక్కులు వచ్చాయి. మరియమ్మకు ఎడమవైపునుంచి వచ్చేవారు, “ఏవండీ, బాగున్నారా?” అని అడిగేవారు. కుడివైపునుంచి వచ్చేవారు, “ఏమే, గంజి తాగావా?” అనేవారు. తిన్నగా ఎదురొచ్చేవాళ్ళకు మాత్రం ఏమనాలో తోచక, పక్కకు తిరిగి గొడుగు విప్పుకునేవారు. డాక్టరు అన్నట్టే ఎడమకాలు కాస్త పొట్టిదయింది. దానికి ఎత్తుమడమ చెప్పు కావాలి. పేటవాళ్ళు పెద్దవీధిలో చెప్పులతో నడవకూడదు. మళ్ళీ పెద్దలు కూర్చుని, ఎడమకాలికి మినహాయింపు ఇచ్చి, కుడికాలిని ఎప్పటిలాగే ఉంచారు. డాక్టరు కూడా ఒక్క చెప్పే కుట్టించాడు. శాస్త్రమూ ఆచారమూ అంత చక్కగా ఏకీభవించడం అరుదు.

పేటలో గుడి ఉంది. దేవుడి ముందు అందరూ సమానమేనని పాదిరిగారు ప్రతి ఆదివారం చెబుతారు. ఆయన కూడా ఆలోచించి, మరియమ్మ కుర్చీని తన కుర్చీకంటే జానెడు వెనక్కి వేయించారు.

తాడేపల్లిగూడెం నుంచి చుట్టాలు వస్తే రాజుగారు వాళ్ళను పేటదాకా నడిపించుకొచ్చి, “ఇదేనండి, మా నాయనగారిది,” అని చూపించేవారు. చుట్టాలు చేతులు కట్టుకుని తుంటివంక భక్తిగా చూసేవారు. ఒకాయన దండం కూడా పెట్టాడు. ఆ సమయంలో తాను ఎటు చూడాలో మరియమ్మకు తెలిసేది కాదు. దడి పైనుంచి కొల్లేరు చూస్తూ ఉండేది.

ఒకనాడు యేసమ్మ ఆమె పక్కన నేల మీద చతికిలబడి అడిగింది. “ఎలా ఉంది వదినా?”

“సలుపు తగ్గిందే. మర్యాద ఒక్క పక్కే ఉండేసరికి నడక కుదరట్లేదు.”

“పోనీలే, నీకు ఒక పక్కన్నా ఉంది,” అంది యేసమ్మ. ఆవిడ కూడా ఏటా వంగి నాట్లు వేసిన మనిషే. ఆవిడ నడుం గురించి ఏ రాజుగారికీ ఏ చిక్కూ రాలేదు.

“అక్కడి నుంచి ఏం కనపడుద్ది వదినా?”

“కొల్లేరు.”

“ఇక్కడికి దడే కనపడుద్ది,” అంది యేసమ్మ.

మరుసటి వేసవిలో ఏలూరు ఆస్పత్రికి విపరీతంగా రోగులు వచ్చారు. పెదపాడు వైపునుంచి, గుండుగొలను నుంచి, లంకల్లోంచి దోనెల మీద వచ్చారు. అందరూ తుంటి అనే చెప్పారు. డాక్టరు ఒక్కొక్కరినీ పడుకోబెట్టి, కాలు మడిచి, తిప్పి, తట్టి చూశాడు. తుంటులన్నీ రాళ్ళలా ఉన్నాయి. ఇది వైద్యలోకానికి తెలియని కొత్త అంటురోగమేమో, దీనికి తన పేరే పెడతారేమో అని ఆయన రెండు రోజులు ఉత్సాహంగా తిరిగాడు. మూడో రోజు ఉండబట్టలేక వరండాలోకి వచ్చాడు. గోడవారగా పొడుగాటి బల్ల ఖాళీగా ఉంది. రోగులంతా దాని ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. ముందు వరసలో యేసమ్మ ఉంది.

“నీకు ఏ వ్యాధియు లేదు. ఏల వచ్చితివి?” అన్నాడు డాక్టరు.

యేసమ్మ తడబడకుండా లేచి నిలబడి, వంగి దండం పెట్టింది.

“జబ్బేం లేదండి. ఆ దంతం కాస్త ఎక్కడన్నా పెడతారేమోనండి. పెద్దది అక్కర్లేదండి, పిసరంత చాలండి. ఒకసారి కూర్చుందామనండి.”