ఆన్సర్ ‘ఈ’: తప్పేమీ లేదు

ఇంగ్లిష్ వాక్యంలో తప్పు పట్టమనే పరీక్ష మన యువతకు దొరికిన వరం! నిజమండీ. బ్యాంకు ఉద్యోగానికైనా, ఎంబీఏ సీటుకైనా, సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుర్చీకైనా ఈ గండం దాటాల్సిందే. ఒక వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క కింద గీత గీసి, ఏ, బీ, సీ, డీ అని పేర్లు పెట్టి, తప్పు ఎక్కడుందో చెప్పమంటారు. ఎక్కడా లేకపోతే ‘ఈ’ అనాలి. ఎవడు కనిపెట్టాడురా ఈ చిత్రహింస అని తిట్టుకోని నిరుద్యోగి లేడు.

తిట్టుకోకండి! అంత లోకజ్ఞానం మరే చదువులోనూ దొరకదు. నమ్మకం లేకపోతే జయంతి సంగతి వినండి.

జయంతిది కాకినాడ. కాపురం మదీనాగూడలో. ఉద్యోగం హైటెక్ సిటీలో, పోటీ పరీక్షలకు ఆన్‌లైన్‌లో కోచింగ్ ఇచ్చే ఒక కంపెనీలో. ఆవిడ పని తప్పులు రాయడం. ఆశ్చర్యపోకండి. తప్పు పట్టే పరీక్ష ఉందంటే ఆ తప్పును ముందుగా ఎవరో ఒకరు కష్టపడి చెయ్యాలి కదా! పొద్దున్నే లంచ్ బాక్సు సర్దుకుని, ట్రాఫిక్‌లో చెమటలు కక్కుకుంటూ వచ్చి, సాయంత్రం దాకా ఏసీలో తప్పులు చేసి ఇంటికి పోయేది. ఎంత గౌరవప్రదమైన వృత్తి! ఆ చుట్టుపక్కల అద్దాల మేడల్లో తప్పులు చేసి జీతం తీసుకునేవాళ్ళు చాలామందే ఉంటారు గానీ, అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఆ మాట రాసి ఉన్నది ఒక్క జయంతికే.

అయితే తప్పు చెయ్యడం మీరనుకున్నంత తేలిక కాదు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళు కావాలని చేసే తప్పు అతికించిన మీసంలా ఉంటుంది. ‘హీ గో టు ఆఫీస్’ అని రాస్తే ఎల్కేజీ పిల్ల కూడా పట్టేస్తుంది. అసలైన తప్పుకు దర్జా ఉండాలి. చదివినవాడికి, ఇదే కరెక్టేమో, మనకే రాదేమో అన్న భయం పుట్టాలి. అలాంటి తప్పు కోసం జయంతి మెట్రోలో పక్కవాళ్ళ ఫోన్ మాటలు వింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు మొత్తం తిరగేసింది. చివరికి అలాంటి తప్పుల గని తన మెయిల్ బాక్సులోనే ఉందని కనిపెట్టింది.

కంపెనీ ఎండీ రామబ్రహ్మం గారు ప్రతి సోమవారం ఉద్యోగులందరికీ స్ఫూర్తి నింపే మెయిల్ ఒకటి పంపేవారు. ఒకసారి అందులో ‘వన్ ఆఫ్ మై బెస్ట్ క్వాలిటీ ఈజ్ హ్యుమిలిటీ’ అని రాశారు. తన సుగుణాల్లో వినయం ఒకటని ఆయన భావం. ‘వన్ ఆఫ్’ అన్నాక ‘క్వాలిటీస్’ అని బహువచనం రావాలని బళ్ళో మనందరికీ చెవి మెలేసి మరీ చెప్పారు. జయంతి మురిసిపోయింది. ఎంత సహజంగా ఉంది! ఎంత ధీమాగా ఉంది! అక్షరం మార్చకుండా ప్రశ్నల్లో చేర్చేసింది. జవాబు ‘బీ’. ఎండీలు ప్రశ్నపత్రాలు చదువుతారని ఎవరైనా అనుకుంటారా?

ఆ రోజుల్లోనే కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకు ఇంగ్లిష్ పరీక్ష పెట్టారు. పాసైతే పర్మినెంటు. లేకపోతే ఇంటికి. పేపరు జయంతి ప్రశ్నల్లోంచే తీశారు.

పరీక్ష రాసేవాళ్ళలో స్వప్న ఉంది. హెల్ప్‌లైన్‌లో విద్యార్థుల ఫోన్లు ఎత్తే పిల్ల. ఊరు జనగామ దగ్గర, ఉండేది మూసాపేటలో కిరాయి ఇంట్లో. తల్లి లక్ష్మమ్మకు మోకాలు పట్టేసి మెట్లెక్కడం మానేసి చాలాకాలమైంది. ఉద్యోగం పర్మినెంటయితే ఇన్సూరెన్సు వస్తుంది, ఇన్సూరెన్సు వస్తే ఆపరేషన్. అందుకని జయంతి రోజూ భోజనాల దగ్గర ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని గ్రామర్ చెప్పేది.

“వన్ ఆఫ్ కనపడిందా, ఆగిపో. తర్వాత మాట చూడు. బహువచనం లేదంటే తప్పక్కడే.”

“గింతేనా అక్కా? ఊకె పరేషానైతున్న నేను!”

పరీక్ష అయిపోయింది. ఫలితాలు ప్రకటించే ముందు ఒకసారి చూస్తానని రామబ్రహ్మం గారు పేపరు తెప్పించుకున్నారు. జయంతినీ, హెచ్చార్ పుణ్యవతినీ ఎదురుగా నిలబెట్టుకుని చదువుతూ చదువుతూ ఆగిపోయారు.

“ఇది నా వాక్యం కదమ్మా!”

జయంతి క్షమాపణకు ఇంగ్లిష్‌లో మాటలు వెతుక్కుంది. కానీ ఆయన ముఖం వెలిగిపోతోంది.

“వాక్యమంటే ఎలా ఉండాలో పిల్లలకు చూపిద్దామని పెట్టావన్నమాట! ఆన్సర్ ‘ఈ’ కదూ? తప్పేమీ లేదు.”

జయంతి నోరు తెరిచేలోపే పుణ్యవతి అందుకుంది. “అవును సార్. ‘ఈ’నే సార్. కీలో పొరపాటున ‘బీ’ అని పడింది. ఇప్పుడే మార్పించేస్తాను సార్.”

మార్పించేసింది. తప్పు పట్టినవాళ్ళకు మార్కు పోయింది. తెలియక ‘ఈ’ మీద గీకినవాళ్ళకు వచ్చింది. స్వప్న ఒక్క మార్కుతో ఫెయిలైంది.

“ఏందక్కా ఇది? వన్ ఆఫ్ కాడ ఆగుమన్నవ్, ఆగిన. ఆగనోళ్ళు పాసైన్రు. ఇగ మా అమ్మకేం చెప్పాలె?”

జయంతి లంచ్ బాక్సు మూత పెట్టేసి తన సీటుకు వెళ్ళింది. కంపెనీ నియమం ప్రకారం ప్రతి జవాబుకూ ఒక వివరణ రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ వివరణ రాయాల్సింది తనే. కోపం కీబోర్డు మీద చూపించింది: ‘సాధారణంగా వన్ ఆఫ్ తర్వాత బహువచనం రావాలి. అయితే వాక్యం రాసినవారు మేనేజింగ్ డైరెక్టర్ అయినప్పుడు ఏకవచనం కూడా తప్పు కాదు.’ కింద తన పేరు పెట్టింది. పోస్టు చేసింది.

మర్నాడే పిలుపొచ్చింది. జయంతి మెళ్ళోని ఐడీ కార్డు తీసి చేత్తో పట్టుకుంది, అడగగానే ఇచ్చేద్దామని. స్వప్న వెంటపడింది. “నేను గూడ వస్త. నా మార్కు నేనే అడుగుత.”

రామబ్రహ్మం గారు ఆ రెండు వాక్యాలూ పైకే చదివారు. కళ్ళజోడు తీశారు.

“ఎవరమ్మా రాసింది?”

“నేనేనండి.”

“ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా నువ్వు! గ్రామర్‌ను ఇంత స్పష్టంగా చెప్పినవాళ్ళు లేరు. రేపు ఉద్యోగంలో పనికొచ్చే గ్రామరంటే ఇదీ! పుణ్యవతిగారూ, దీన్ని మన గ్రామర్ పుస్తకంలో పెట్టించండి.”

“పెట్టించేస్తాను సార్.”

జయంతి చేతిలో కార్డు చేతిలోనే ఉండిపోయింది. ఎగతాళి చేద్దామని వెళ్ళిన మనిషి సిలబస్ తయారుచేసి వచ్చింది! అప్పుడు వెనకనుంచి స్వప్న ముందుకొచ్చింది.

“సార్, జర ఒక్క మాట. గా వాక్యం మీరు రాసిందని మాకెట్ల ఎరుకైతది? పేపర్ల మీ పేరు లేకపాయె. పేరుంటే తప్పని పెడ్తుంటిమా సార్?”

రామబ్రహ్మం గారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. వినయం ఆయన సుగుణాల్లో ఒకటి కదా.

“అమ్మాయి చెప్పింది పాయింటే. పేరు లేకుండా వాక్యం ఇచ్చి తప్పో ఒప్పో చెప్పమంటే పాపం ఎలా చెబుతారు?”

ఆ ప్రశ్నకు అందరికీ మార్కు ఇచ్చేశారు. స్వప్న పర్మినెంటయింది. లక్ష్మమ్మకు పెద్ద దవాఖానలో ఆపరేషన్ జరిగింది. ఇప్పుడామె కూరగాయలకు తనే వెళ్ళొస్తోంది. ఇకమీదట ప్రతి వాక్యం కింద దాన్ని రాసినవారి పేరూ హోదా వెయ్యాలని కంపెనీలో ఆర్డరు కూడా వచ్చింది.

ఆ సంస్కరణ ఫలితం చూడాలి మీరు! విద్యార్థుల మార్కులు ఆకాశాన్నంటాయి. ఇప్పుడు వాక్యం చదవక్కర్లేదు. కింద డైరెక్టర్ అని ఉందా, ‘ఈ’ పెట్టు. వైస్ ప్రెసిడెంట్ అని ఉందా, ‘ఈ’ పెట్టి ఒక నమస్కారం కూడా పెట్టు. ట్రైనీ అని ఉందా, ఏ ముక్క మీద గీకినా తప్పు దొరుకుతుంది. టైము మిగులుతోంది, టెన్షన్ తగ్గింది. తల్లిదండ్రులు ఫోన్లు చేసి మరీ థ్యాంక్స్ చెబుతున్నారు. ఇంత ప్రాక్టికల్ చదువు ఇంకెక్కడుంది చెప్పండి?

జయంతే ఊరుకోలేకపోయింది. తర్వాత టీమ్ లీడర్ పోస్టులకు పరీక్ష వస్తే, అందులో తన సొంత వాక్యం ఒకటి పెట్టింది. ‘ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్.’ సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. వెతికినా తప్పు దొరకని వాక్యం. కింద రూలు ప్రకారం ‘జయంతి, కంటెంట్ రైటర్’ అని వేసింది.

దాదాపు అందరూ తప్పు పట్టారు. కొందరు ‘సన్’లో, కొందరు ‘ఈస్ట్’లో. ఒకరిద్దరు రెండు చోట్లా పట్టారు.

ఆ పరీక్ష రాసినవాళ్ళలో స్వప్న కూడా ఉంది. జయంతి ఆ పిల్లను పక్కకు పిలిచింది. “నువ్వేం పెట్టావే?”

స్వప్న చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది.

“‘బీ’ పెట్టిన అక్కా. పొద్దు తూర్పుకే పొడుస్తదని నాకు ఎర్కలేదా? కింద నీ పేరు చూసిన. ఏదో ఒక తప్పు ఉండే ఉంటదనుకున్న.”