ఎదురింటికి గురిపెట్టిన చేప

ఆదివారం పొద్దున్న ఓంకార్ అనుకున్న పని చాలా చిన్నది. అట్ట మీద తాను గీసిన చేపను బాల్కనీలో ఆరబెట్టాలి, సాయంత్రం గోపన్‌పల్లిలోని తమ అపార్ట్‌మెంటు పిల్లలకు చూపించాలి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అతనికి సముద్రం అడుగున బతికే వింత చేపలంటే ప్రాణం. ఈసారి చేపను మనిషంత ఎత్తున గీశాడు. నల్లటి ఒళ్లు, గుహలాంటి నోరు, మేకుల్లాంటి పళ్లు, నుదుటి మీద వేలాడే దీపం.

ఎదురు ఫ్లాట్‌లో గృహప్రవేశం జరిగి మూడు రోజులే అయింది. ఆ ఇంటావిడ రత్నమ్మ కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చి, సరాసరి ఆ నోట్లోకి చూసింది. గ్లాసు కింద పడింది.

"మన ఇంటికే గురిపెట్టి దిష్టిబొమ్మ కట్టినారు" అని భర్త ఈశ్వరయ్యను తరిమి, పది నిమిషాల్లో బూడిద గుమ్మడికాయ కట్టించింది. అది చూసి, దిష్టి తమ మీదికి మళ్లుతుందని పై అంతస్తువాళ్లు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడదీశారు. పక్క బ్లాకులో ఎవరో అద్దం పెట్టారు. ఆ అద్దం ఎండనంతా తీసుకెళ్లి, నిద్రపోతున్న సెక్రెటరీ పార్థసారథి ముఖాన కొట్టింది.

ఆయన లేచి నేరుగా ఓంకార్ తలుపు తట్టాడు. "మీ ఓనర్‌కి ఫోన్ చేస్తానండి. పదకొండింటికి కింద మీటింగు. ఆ బొమ్మ కూడా పట్టుకురండి."

ఓంకార్ భార్య రేఖ ముఖం పాలిపోయింది. ఈ ఇల్లు కిరాయికి దొరకడానికి వాళ్లు ఆర్నెల్లు తిరిగారు. "ఆ చేపలు మనకొద్దని ఎన్నిసార్లు చెప్పిన? ఇగ ఇల్లు ఖాళీ చేపిస్తరు."

"జర ఆగు. చెప్తే అర్థం చేసుకుంటరు" అన్నాడు ఓంకార్. పదకొండింటికి చేపను ఎత్తుకుని మెట్లు దిగాడు.

కింద నలభై మంది ఉన్నారు.

"దిష్టిబొమ్మ కాదమ్మా, చేప" అని రత్నమ్మతో మొదలుపెట్టాడు. "ఎండ పొడ తగలని లోతుల ఉంటది. అంత కటిక చీకటే. అందుకే దీపం తనే పెట్టుకున్నది. తిండి ఎప్పుడో గని దొరకదు, దొరికినప్పుడు వదలొద్దని గంత నోరు. జారిపోకుండ పళ్లు లోపలికి వంగి ఉంటయి."

రత్నమ్మ ఆ చేపను చాలాసేపు చూసింది. "పాపం, చీకట్లో ఒంటిగా దీపం పెట్టుకోని కూర్చుంటాదా. మరి మొగుడేం చేస్తాడు?"

"ఈ రకంల మగది వేలంతనే ఉంటది. ఆడదాన్ని కొరికి పట్టుకుంటది, దాని ఒంట్లనే కలిసిపోతది. తిండి గూడ దాని రక్తంలకెల్లే. ఇగ జన్మల వదలదు."

రత్నమ్మ మెల్లగా భర్త వైపు తిరిగింది. ఈశ్వరయ్య రిటైరై రెండేళ్లు, అప్పటి నుంచి ఆమెను వదిలి ఇల్లు కదలడు. ఆమెకు నవ్వు ఆగలేదు, ఆమెను చూసి మిగతావాళ్లకూ ఆగలేదు. పార్థసారథి నవ్వుతూనే ఫోను జేబులో పెట్టేశాడు. రేఖ గుండె అప్పటికి కుదుటపడింది.

"పిల్లోళ్లకు చూపించినాక అది నాకియ్యి నాయనా. మా హాల్లో పెట్టుకుంటా" అంది రత్నమ్మ.

ఈశ్వరయ్య ఏమీ అనలేదు. మగ చేప కూడా ఏమీ అనదు.